వంటగది నేలకు ఏ బండ వేయాలి?

నంద్యాలలోని మా అత్తమామల ఇంట్లో వంటగది నేల మార్చవలసి వచ్చినప్పుడు బంధువులందరూ మొదట మాట్లాడింది రంగు గురించి, ఆ తరువాత మెరుపు గురించి. అత్తయ్య మాత్రం ఒకే మాట అన్నారు: "తడికాళ్ళతో నడిచినా జారకూడదు, జిడ్డు తుడిస్తే పోవాలి, మళ్ళీ దీన్ని తవ్వించే పని పెట్టకూడదు. మిగతావన్నీ మీ ఇష్టం." ఇంతకంటే మంచి కొలమానం నాకు ఏ దుకాణంలోనూ దొరకలేదు. దాదాపు అదే కాలంలో హైదరాబాదులో మేముండే ఫ్లాటులోనూ వంటగది నేల వేయించవలసి వచ్చింది. రెండు చోట్లా అదే కొలమానాన్ని పెట్టుకున్నాము, రెండు చోట్లా ఖర్చు అదుపులో ఉండాలనే అనుకున్నాము, కానీ చివరికి వేయించినవి మాత్రం వేర్వేరు. ఎందుకలా అయిందో, ఎంపికలో ఏవి చూశామో, ఇదే పనిలో ఉన్నవారికి ఉపయోగపడేలా వివరంగా రాస్తున్నాను.

ముందుగా మన వంటగది నేల ఏమేమి భరించాలో చూడాలి. నిండు గ్యాస్ బండలో 14.2 కిలోల గ్యాస్ ఉంటుంది. ఇనుము బరువు కూడా కలిపితే మొత్తం 30 కిలోల దాకా తూగుతుంది. ఆ బరువంతా కింది అంచు మీద నిలుస్తుంది. ఎత్తలేక వంచి దొర్లించినప్పుడు ఆ అంచులో ఒక్క చిన్న భాగం మీదే పడుతుంది. తడి నేల మీద వారం రోజులు కదలకుండా ఉంటే గుండ్రటి తుప్పు మరక దిగుతుంది. కత్తిపీట వేసుకుని కింద కూర్చుని కూరలు తరిగే అలవాటు మా అత్తయ్యకు ఇప్పటికీ ఉంది. పోపు వేసిన ప్రతిసారీ కంటికి కనబడని నూనె తుంపర పొయ్యి చుట్టూ నాలుగైదు అడుగుల మేర పడుతూనే ఉంటుంది. చింతపండు పులుసు, నిమ్మరసం, మజ్జిగ, పులిసిన ఇడ్లీ పిండి, వీటిలో ఏదో ఒకటి నేల మీద ఒలకని ఇల్లు ఉండదు. పసుపు సంగతి చెప్పనక్కర్లేదు. వీటన్నిటికీ తోడు, మనం వంటగదిలో చెప్పులు వేసుకోము. సింకు దగ్గర నుంచి పొయ్యి దగ్గరకు తడిసిన ఉత్త పాదాలతోనే తిరుగుతాము.

మన్నిక అనగానే గీత పడకపోవడం అనే అర్థంలోనే మాట్లాడుకుంటాము. నా అభిప్రాయం వేరు. ఇరవై ఏళ్ళు వంట జరిగే చోట ఏ నేలైనా గీతలు పడుతుంది, మచ్చలు పడుతుంది, ఎక్కడో ఒకచోట అంచు విరుగుతుంది. అప్పుడు దానిని తవ్వి పారేయకుండా బాగుచేసుకోగలమా లేదా అన్నదే అసలు ప్రశ్న. ఈ దృష్టితో చూసినప్పుడు, కింద మరో అంతస్తు లేని ఇంటికి మన ప్రాంతపు నాపరాయిని మించినది నాకు కనబడలేదు.

నాపరాయి సున్నపురాయి జాతికి చెందినది. పొరలు పొరలుగా పేరుకున్న రాయి కావడం వల్లనే గనిలో దానిని పలకలుగా విడదీయడం సులువు, అందుకే ధర కూడా గ్రానైట్ కంటే తక్కువ. తెలంగాణలో వికారాబాద్ జిల్లా తాండూరు, సరిహద్దుకు అవతల కర్ణాటకలోని కలబురగి జిల్లా షాబాద్, ఆంధ్రప్రదేశ్‌లో నంద్యాల జిల్లా బేతంచెర్ల, అటు పల్నాడు ప్రాంతం, ఇవన్నీ ఈ బండలకు పేరున్న చోట్లు. ఉత్తరాదిన ఇదే అవసరానికి రాజస్థాన్‌లోని కోటా రాయిని వాడతారు. తాండూరులో నీలం ఛాయ ఉన్న బూడిద రంగు బండ, పసుపు రంగు బండ రెండూ దొరుకుతాయి. బండ ధరలో రవాణా పెద్ద వాటా, కాబట్టి ఎవరికి ఏ గని దగ్గరైతే వారికి ఆ రాయే చవక. నంద్యాలలో ఇల్లున్నవారు తాండూరు బండ కోసం వెతకడం, హైదరాబాదులో ఇల్లు కట్టుకునేవారు బేతంచెర్ల బండ తెప్పించుకోవడం రెండూ దండగ ఖర్చులే. మేము బేతంచెర్ల బండనే తీసుకున్నాము.

ఈ రాయికి ఉన్న పెద్ద గుణం, పైనుంచి కింది దాకా ఒకే పదార్థం కావడం. పైన పూత లేదు, అచ్చువేసిన బొమ్మ లేదు. అంగుళం దాకా ఉండే మందంలో పైపొర అరిగితే మిషను పెట్టి మళ్ళీ పాలిష్ చేయిస్తే కింద నుంచి అదే రాయి కొత్తగా బయటికి వస్తుంది. రాయలసీమలో నలభై, యాభై ఏళ్ళ కిందట కట్టిన ఇళ్ళలో గుమ్మం దగ్గర కాళ్ళ రాపిడికి నున్నబడిన నాపబండలు ఇప్పటికీ చెక్కుచెదరకుండా ఉన్నాయి. ఎండాకాలంలో ఆ బండల మీద కూర్చుంటే ఉండే చల్లదనం గురించి సీమవారికి నేను చెప్పవలసిన పని లేదు. కింద కూర్చుని పని చేసుకునే పెద్దవారున్న ఇంట్లో అది చిన్న విషయం కాదు.

బండలు ఏరుకునేటప్పుడు పాలిష్ యూనిట్ దగ్గరకు స్వయంగా వెళ్ళి చూడడం మంచిది. అక్కడి పనివారు ఒక్కొక్క బండను నిలబెట్టి, చిన్న సుత్తితో మెల్లగా తట్టి చూపిస్తారు. పొరలు గట్టిగా అతుక్కున్న రాయి ఖంగుమని మోగుతుంది. లోపల పొర విడిపోయిన రాయి మొద్దుగా, మూగగా పలుకుతుంది. అలాంటి బండ వేసిన కొన్నాళ్ళకే పెచ్చులు లేస్తుంది. మరో పరీక్ష ఇంకా సులువు. బండ మీద చెంబెడు నీళ్ళు పోసి, గుడ్డతో తుడిచి, ఎండలో పెట్టి చూడాలి. తక్కిన రాయంతా ఆరిపోయి రంగు తేలికపడినా, వెంట్రుకవాసి పగుళ్ళున్న చోట మాత్రం తడి నిలిచి, సన్నటి నల్ల గీతలా కొంతసేపు కనబడుతూనే ఉంటుంది. పొడిగా ఉన్నప్పుడు కంటికి ఆనని పగులు ఈ విధంగా బయటపడుతుంది. ఆ గీత బండ ఈ అంచు నుంచి ఆ అంచు దాకా ఉంటే ఆ బండను పక్కన పెట్టించాలి. మూలల్ని, అంచుల్ని కూడా చూడాలి. మూల విరిగిన బండను సిమెంటుతో పూడ్చి ఇస్తామంటే ఒప్పుకోనక్కర్లేదు. కొంత తేడా మాత్రం అంగీకరించాలి. ప్రకృతిలో పుట్టిన రాయి కాబట్టి రంగు ఛాయ బండబండకూ మారుతుంది, అడుగుభాగం చెక్కకుండా వదిలేయడం వల్ల మందమూ మారుతుంది.

ఇక దీని లోపం. సున్నపురాయిలో ముఖ్య పదార్థం కాల్షియం కార్బొనేట్, దానికి పులుపు పడదు. నిగనిగలాడే పాలిష్ ఉన్న ఒక ముక్క మీద నిమ్మకాయ పిండి, కొన్ని నిమిషాల తరువాత తుడిచి, వెలుతురుకు ఏటవాలుగా పట్టి చూస్తే, చుక్క పడినంత మేర మెరుపు పోయి పాలిపోయిన మచ్చ కనబడుతుంది. అది అంటుకున్న మరక కాదు, రాయి పైపొర కరిగిపోవడం. అందువల్ల ఎంత తోమినా పోదు. రాయికి రాసే సీలర్ నూనె, పసుపు లోపలికి దిగకుండా కొంతవరకు ఆపుతుంది కానీ, పులుపు వల్ల వచ్చే ఈ మచ్చను ఆపలేదు. పాలరాయి కూడా ఇదే జాతి కాబట్టి, తెల్ల పాలరాతి వంటగది ఎంత ముచ్చటగా ఉన్నా రోజూ పులుసు కాచే ఇంటికి తగదని నా గట్టి నమ్మకం. అటకలకూ అలమరలకూ వాడే నల్లటి కడప బండ కూడా సున్నపురాయే. నలుపు మీద ఆ పాలిపోయిన మచ్చలు ఇంకా కొట్టొచ్చినట్టు కనబడతాయి.

ఈ లోపానికి పరిష్కారం రాయిని మానేయడంలో లేదు, పాలిష్ తగ్గించడంలో ఉంది. మెరుపు ఉంటేనే కదా మెరుపు పోయిన మచ్చ కనబడేది. అద్దంలా మెరిసే పాలిష్ వేయించకుండా, చేతికి నున్నగా తగులుతూ వెలుతురును తళతళలాడించని దశలోనే మిషను ఆపించాము. పాలిష్ మిషనుకు గరుకు రాళ్ళతో మొదలుపెట్టి క్రమంగా సన్న రాళ్ళు మారుస్తూ పోతారు. చివరి ఒకటి రెండు వరసలు, వాటి తరువాత పూసే మెరుపు మందు వద్దని చెబితే సరిపోతుంది. కాలికి పట్టు ఉంటుంది, మచ్చలు కలిసిపోతాయి, కొంత డబ్బూ మిగులుతుంది. మేస్త్రీ గారు మొదట ఒప్పుకోలేదు. "అమ్మా, పని పూర్తి చేయకుండా వదిలేశాననుకుంటారు చూసినవాళ్ళు" అన్నారు. తన పనితనం మీద గౌరవమున్న మనిషి బాధ అది. హాలులో మాత్రం పూర్తి పాలిష్ వేయించి ఆయన మాటను నిలబెట్టాము.

గ్రానైట్ సంగతి కొద్దిగా చెప్పాలి. చీమకుర్తి నల్ల గ్రానైట్‌నూ కరీంనగర్ రాళ్ళనూ దగ్గర పెట్టుకున్న మనకు నేలకు కూడా అదే వేద్దామనిపించడం సహజం. గ్రానైట్ పులుపుకు లొంగదు, గీతలకు అంత తొందరగా లొంగదు. కానీ పాలిష్ చేసిన గ్రానైట్ తడిస్తే బాగా జారుతుంది, ధరా ఎక్కువ. పొయ్యి గట్టుకు అంతకంటే మంచిది లేదు. నేలకు అంత ఖర్చు అవసరం లేదు.

హైదరాబాదు ఫ్లాటుకు వచ్చేసరికి లెక్క మారింది. అక్కడ మాది పై అంతస్తు; కింద ఒకరు కాపురముంటున్నారు. నాపరాయి మందం 20 మిల్లీమీటర్లు, కింద సిమెంటు ఇసుక పరుపు 50 మిల్లీమీటర్లు అనుకుంటే చదరపు మీటరుకు సుమారు 150 కిలోల బరువు అవుతుంది. 9 మిల్లీమీటర్ల టైల్‌ను జిగురుతో పాత నేల మీదే అతికిస్తే చదరపు మీటరుకు 30 కిలోలకు కాస్త అటూ ఇటూగా తేలుతుంది. పది అడుగుల వెడల్పు, పన్నెండు అడుగుల పొడవు ఉన్న వంటగదికి ఇది సుమారు 1,700 కిలోలకూ 350 కిలోలకూ మధ్య తేడా. పాత టైల్స్ తవ్వితే మొదటి లెక్కలో కొంత తగ్గుతుంది నిజమే, కానీ తవ్వడానికయ్యే మోత, మట్టిని కిందికి దింపించే ఖర్చు, పాలిష్ మిషను నుంచి పారే తెల్లటి బురద, మనుషులు కాపురమున్న అపార్టుమెంటులో ఇవన్నీ తలనొప్పులే. అందువల్ల అక్కడ గరుకు ముఖమున్న విట్రిఫైడ్ టైల్ వేయించాము.

బంకమన్ను, ఫెల్‌స్పార్ వంటి ఖనిజాలను గట్టిగా అదిమి, సుమారు 1,200 డిగ్రీల సెల్సియస్ వేడిలో కాల్చితే లోపలి పదార్థం గాజులా కరిగి గట్టిపడుతుంది. అదే విట్రిఫైడ్ టైల్. మన దుకాణాల్లో కనబడే వాటిలో చాలా వరకు గుజరాత్‌లోని మోర్బీ నుంచి వస్తాయి. వీటిలో రకాలున్నాయి, అమ్మేవారు అన్నిటినీ ఒకే గాటన కట్టి చూపిస్తారు. గ్లేజ్డ్ రకంలో పైన పూత, దాని కింద అచ్చువేసిన బొమ్మ ఉంటాయి. రాయిలా, చెక్కలా కనబడేవన్నీ ఇవే. డబుల్ ఛార్జ్ రకంలో రంగు పొర 3 నుంచి 4 మిల్లీమీటర్ల మందం ఉంటుంది. ఫుల్ బాడీ రకంలో రంగు పైనుంచి కింది దాకా ఒకటే, కాబట్టి పెచ్చు లేచినా తెల్లగా కనబడదు. ధర మాత్రం ఎక్కువ. పాలిష్ చేసిన విట్రిఫైడ్ టైల్‌లో, పాలిష్ పట్టినప్పుడు లోపలి సూక్ష్మ రంధ్రాలు తెరుచుకుంటాయి, వాటిని పూడ్చడానికే పైన పల్చటి పూత వేస్తారు. ఆ పూత అరిగాక పసుపు, నూనె మరకలు దిగడం మొదలవుతుంది. వంటగదికి మెరుపు లేని మ్యాట్ గ్లేజ్డ్ రకం ఈ చిక్కు లేకుండా ఉంటుందని, ధర కూడా అందుబాటులో ఉంటుందని దానినే ఎంచుకున్నాము.

డబ్బా మీద చదవవలసినవి కొన్ని ఉన్నాయి. టైల్స్‌కు భారతీయ ప్రమాణం ఐఎస్ 15622. ఆ సంఖ్య ఉందో లేదో చూడాలి. తరువాత నీటి పీల్పు శాతం. విట్రిఫైడ్‌కు అది 0.5 శాతానికి మించకూడదు. గోడ టైల్స్‌కు 10 శాతం పైన ఉంటుంది. దుకాణంలోనే టైల్‌ను తిరగేసి, వెనక వైపు వేలితో నాలుగు చుక్కల నీళ్ళు వేసి చూడండి. విట్రిఫైడ్ మీద చుక్క చుక్కగానే నిలబడుతుంది, తుడిస్తే పోతుంది. గోడ టైల్ మీద చూస్తుండగానే ఇంకిపోయి తడి మచ్చ పరుచుకుంటుంది. తక్కువ ధరకు వస్తుందని గోడ టైల్‌నో, పల్చటి సెరామిక్‌నో నేలకు వేస్తే గ్యాస్ బండ అంచుకు అవి ఆగవు. గ్లేజ్డ్ టైల్‌కు అరుగుదలను తట్టుకునే శక్తిని పీఈఐ తరగతుల్లో చెబుతారు. వంటగదికి 3 కనీసం, 4 అయితే నిశ్చింత.

జారుడు విషయంలో చాలామందికి చేరని సంగతి ఒకటుంది. ఆర్9, ఆర్10, ఆర్11 అని దుకాణాల్లో చెప్పే అంకెలు జర్మన్ ప్రమాణం ప్రకారం, నూనె పోసిన ఏటవాలు పలక మీద బూట్లు వేసుకున్న మనిషిని నడిపించి తేల్చినవి. పలకను 6 నుంచి 10 డిగ్రీల వాలు దాకా వంచినప్పుడు జారితే ఆర్9, 10 దాటి 19 డిగ్రీల దాకా నిలబడితే ఆర్10. ఉత్త పాదాలతో, సబ్బు నీళ్ళ మీద చేసే పరీక్ష వేరే ఉంది. దాని ఫలితాన్ని ఏ, బీ, సీ అనే తరగతుల్లో ఇస్తారు, సీ అన్నిటికంటే ఎక్కువ పట్టు ఉన్నది. మనం వంటగదిలో ఉత్త పాదాలతో తిరిగేవాళ్ళం కాబట్టి మనకు కావలసింది ఈ రెండో పరీక్ష ఫలితం, అమ్మేవారు సాధారణంగా చెప్పేది మొదటిది. రెండోది దొరక్కపోతే ఆర్10 అడిగి తీసుకుని, నమూనా ముక్క మీద నీళ్ళూ గిన్నెలు తోమే సబ్బూ కలిపి పోసి, పాదంతో రుద్ది చూసుకోవాలి. ఆర్12 లాంటి మరీ గరుకైనవి ఇంటి వంటగదికి వద్దు. తడిగుడ్డ పీచులు వాటికి చిక్కుకుంటాయి, జిడ్డు గుంతల్లో కూర్చుంటుంది.

మిగిలిన రకాలను త్వరగానే పక్కన పెట్టాము. ఎర్ర ఆక్సైడ్ గచ్చు చూడడానికి ఎంతో బాగుంటుంది, అతుకులు ఉండవు, కానీ దానిని పగుళ్ళు లేకుండా తీయగల తాపీ మేస్త్రీలు ఇప్పుడు అరుదు, ఒకసారి పగిలితే రంగు కలిసేలా పూడ్చడం కష్టం. మొజాయిక్ కూడా మంచి నేలే, మళ్ళీ పాలిష్ చేయించుకోవచ్చు కూడా. అయితే అందులోని చలవరాతి ముక్కలకు పులుపు చిక్కు ఎలాగూ ఉంది. అద్దె ఇంట్లో ఉండేవారు వినైల్ షీటు పరుచుకోవడాన్ని నేను కాదనను. వేడి మూకుడు దించితే కాలిపోతుందని, అంచుల కింద నీరు చేరితే వాసన వస్తుందని తెలిసి వాడుకోవాలి.

ఇప్పుడు అన్నిటికంటే ముఖ్యమైనది, పరిచే పని. మంచి బండ చెడ్డ పరుపు మీద రెండేళ్ళు కూడా నిలవదు, మామూలు బండ మంచి పరుపు మీద తరం గడిపేస్తుంది. నాపరాయి అడుగుభాగం ఎగుడుదిగుడుగా ఉంటుంది కాబట్టి సిమెంటు ఇసుక పరుపు మందంగా వేసి, దాని మీద సిమెంటు పాలు పోసి, బండను దించి, చెక్క సుత్తితో తట్టి కూర్చోబెట్టాలి. ఒక పాలు సిమెంటుకు 4 నుంచి 6 పాళ్ళ ఇసుక కలుపుతారు. వంటగదికి 4 పాళ్ళ దగ్గరే ఉండమని మేము అడిగాము. కింద ఎక్కడైనా గాలి మిగిలితే ఆ చోటు గుల్లగా మోగుతుంది, గ్యాస్ బండ పడిన రోజు పగిలేది సరిగ్గా అక్కడే. పరిచిన మరునాడే నాణెంతో ప్రతి బండనూ నాలుగు మూలలా, నడుమా తట్టి, గుల్లగా పలికిన వాటికి సుద్దతో గుర్తు పెట్టి, మేస్త్రీ ఇంకా పనిలో ఉండగానే ఎత్తించి మళ్ళీ వేయించాలి. డబ్బు మొత్తం ఇచ్చేశాక ఈ పని చేయించడం ఎంత కష్టమో అందరికీ తెలిసిందే. పరిచాక కనీసం రెండు వారాలు ఆగి, పరుపు బాగా గట్టిపడ్డాకే పాలిష్ మిషను ఎక్కించాలి. ఆ మిషను నుంచి వచ్చే తెల్ల బురదను చీపురుతో తూములోకి తోయనివ్వకూడదు. అది పైపులో గడ్డకడితే నేల ఖర్చు కంటే పైపు ఖర్చు ఎక్కువవుతుంది. బకెట్లకు ఎత్తి బయట పోయించాలి.

విట్రిఫైడ్ టైల్ విషయంలో పద్ధతి వేరు. నీటిని పీల్చుకోదనే గుణమే దానికి బలం, అతికించేటప్పుడు అదే చిక్కు. ఉత్త సిమెంటు పాలు దాని వెనక వైపును గట్టిగా పట్టుకోవు. అందుకని పాలిమర్ కలిసిన జిగురు వాడాలి. సంచి మీద ఐఎస్ 15477 అనే ప్రమాణం, విట్రిఫైడ్‌కు పనికివస్తుందన్న మాట రెండూ ఉండాలి. జిగురును నాలుగు మూలలా నాలుగు ముద్దలు పెట్టి టైల్ అదిమేసే అలవాటు చాలామందికి ఉంది, దానిని ఒప్పుకోవద్దు. పళ్ళున్న తాపీతో టైల్ మేరంతా గీతలుగా పరిచి అతికించాలి. పాత టైల్స్ మీద కొత్తవి వేసేటప్పుడు పాతవాటిని కూడా తట్టి చూసి, గుల్లగా ఉన్నవి తీసేసి పూడ్చుకోవాలి, ముఖాన్ని గరుకు చేయించాలి. నేల అర అంగుళం పైగా లేస్తుంది కాబట్టి తలుపు అడుగు కోయించవలసి ఉంటుందని ముందే వడ్రంగికి చెప్పుకోవాలి.

సందులు లేకుండా ఆనించి వేస్తే అందంగా ఉంటుందని చాలామంది మేస్త్రీలు అంటారు. వేడికి టైల్, కింది శ్లాబు వేర్వేరుగా సాగుతాయి. సాగడానికి చోటు లేకపోతే టైల్స్ ఒకదాన్నొకటి తోసుకుని, ఒక మధ్యాహ్నం పెద్ద చప్పుడుతో జంటగా పైకి లేస్తాయి. టైల్స్ మధ్య సందు సమానంగా ఉంచే 2 లేదా 3 మిల్లీమీటర్ల ముక్కలు, అంటే స్పేసర్లు, పెట్టించి, గోడ వెంట కూడా కొద్దిపాటి ఖాళీ వదిలించండి. అది గోడ అడుగున వేసే పట్టీ, అంటే స్కర్టింగ్, కింద దాగిపోతుంది. ఆ సందులు నింపడానికి వంటగదిలో మాత్రం సిమెంటుకు బదులు రెసిన్‌తో చేసిన ఎపాక్సీ గ్రౌట్ వాడమని గట్టిగా చెబుతాను. సిమెంటు గ్రౌట్ జిడ్డునూ పసుపునూ పీల్చుకుని ఆరు నెలల్లో నల్లబడుతుంది. ఎపాక్సీ ఖరీదు ఎక్కువే, కానీ వంటగది విస్తీర్ణం ఎంత? ఖర్చు తగ్గించుకోవాలంటే టైల్ రకంలో తగ్గించుకోవచ్చు, గ్రౌట్‌లో కాదు. నింపిన వెంటనే, గట్టిపడక ముందే, స్పాంజితో టైల్ ముఖాన్ని శుభ్రంగా తుడిపించాలి; ఆలస్యమైతే పొగమంచులాంటి పొర అంటుకుపోతుంది.

నీళ్ళు పోసి కడిగే అలవాటున్న ఇంట్లో వాటం మరచిపోకూడదు. నంద్యాల ఇంట్లో వంటగది మూలన పాత జలదారి ఉంది, దాని వైపు పది అడుగులకు ఒక అంగుళం వాటం ఉండేలా దారం కట్టించి పరుపు వేయించాము. అంతకు మించితే గ్యాస్ బండ స్టాండూ, కింద వేసుకునే పీటా కదిలిపోతుంటాయి.

ఖర్చు లెక్క వేసేటప్పుడు చదరపు అడుగు రాయి ధరను చదరపు అడుగు టైల్ ధరతో పోల్చి ఆగిపోవడం సరి కాదు. రాయికి రవాణా, దించే కూలి, పరుపు సిమెంటు, ఇసుక, పరిచే కూలి, పాలిష్. టైల్‌కు జిగురు, గ్రౌట్, స్పేసర్లు, పరిచే కూలి, తలుపు కోత, ఇవన్నీ కలిపి నేల మీద పడ్డాక చదరపు అడుగు ఎంతకు తేలిందో చూడాలి. గనికి దగ్గరి ఊళ్ళలో, పాలిష్ ఖర్చు కలిపినా, రాయే తక్కువకు వస్తుంది. నగరంలో పాత నేల మీద అతికించే టైల్‌తో పోలిస్తే ఆ తేడా దాదాపు మాయమవుతుంది. ఇక టైల్ డబ్బాల లెక్క: 600 మిల్లీమీటర్ల చదరపు టైల్స్ నాలుగు ఉన్న డబ్బా 15.5 చదరపు అడుగులకు వస్తుంది. 120 చదరపు అడుగుల వంటగదికి, కోతల్లో పోయేది పది శాతం కలుపుకుంటే 132 చదరపు అడుగులు, అంటే 9 డబ్బాలు. అన్నీ ఒకే బ్యాచ్, ఒకే షేడ్ సంఖ్యవై ఉండాలి. తరువాత ఒక డబ్బా తక్కువైందని మళ్ళీ వెళితే అదే పేరుతో వేరే ఛాయ ఇస్తారు.

రంగు గురించి ఒక్క మాట. మరీ తెలుపు మీద కరివేపాకు తునక కూడా కనబడుతుంది, మరీ నలుపు మీద పిండీ ఆరిన నీటి చుక్కలూ కనబడతాయి. బూడిద, లేత గోధుమ, ఇసుక రంగులు వంటగదికి అనువు. నాపరాయి పుట్టుకతోనే ఆ రంగుల్లో ఉంటుంది.

వేసిన తరువాత జాగ్రత్తలు ఎక్కువ లేవు. గోరువెచ్చని నీళ్ళలో గిన్నెల సబ్బు కొద్దిగా కలిపి తుడిస్తే జిడ్డు పోతుంది. గ్యాస్ బండకు చక్రాల స్టాండు తప్పనిసరి. ఆ చిన్న ఖర్చు తుప్పు మరకనూ గీతనూ రెంటినీ ఆపుతుంది. పులుసు ఒలికితే సాయంత్రం దాకా ఉంచకుండా అప్పుడే తుడిచేయాలి. అన్నిటికంటే ముఖ్యం, బాత్‌రూముల్లో వాడే యాసిడ్‌ను నాపరాతి నేల మీదికి రానివ్వకూడదు. పని పూర్తయ్యాక సిమెంటు మరకలు పోవడానికి యాసిడ్‌తో కడిగి అప్పగించడం చాలామంది పనివారికి అలవాటు. ఆ నురగలో కరిగేది సిమెంటు ఒక్కటే కాదు, డబ్బు పెట్టి పాలిష్ పట్టించిన రాయి కూడా. ఆఖరి రోజున ఎవరో ఒకరు దగ్గరుండి ఆ పని జరగకుండా చూసుకోండి. నాలుగు బండలో, ఒక డబ్బా టైల్సో మిగిల్చి, డబ్బా మీది బ్యాచ్ సంఖ్యతో సహా మేడ మెట్ల కింద భద్రపరచండి.